పేర్లు రెండు, మాత్ర ఒకటే

ఈ పొద్దున మీరు మింగిన మాత్ర ఎందుకు మింగారో లేచి చెప్పగలిగేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది?

చేతులెత్తండి. మూడు! డెబ్బైమందిమి ఉన్నాం, మూడు చేతులు! ఆ మూడూ మన కాంపౌండరన్న పక్కింటివాళ్లవే.

అన్నలారా, అక్కలారా, పెన్షను కాగితాలు చంకన పెట్టుకుని పరాయి దేశంలోకి వచ్చిపడ్డ నా తోటి ముసలివాళ్లారా! మన మాట రాకపోయినా మన దుఃఖం తెలిసి వచ్చిన డాక్టరమ్మా, నర్సమ్మలారా! మనకోసం ఈ గంటసేపు కింద బట్టలుతికే మిషన్లు ఆపేయించిన ఇంటాయనా! మీకందరికీ దణ్ణం. మన కాంపౌండరన్న పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ముందు వరుసలో మా వదిన కూర్చుని ఉంది. వదినా, నీకు ఓదార్పు చెప్పేంతటి వాణ్ణి కాను. నేను కృతజ్ఞత చెప్పడానికి నిలబడ్డాను.

నలభై ఏళ్లు మందుల షాపులో నిలబడ్డ మనిషి. ఆయన గుండెకి మన ఊరి డాక్టర్లు రెండేళ్లు గడువిచ్చారు. ఆపరేషనంటే ఇల్లమ్మాలన్నారు. "ఇల్లమ్మి గుండె బాగుచేయించుకుంటే, ఆ గుండెని తీసుకెళ్లి ఏ చెట్టుకింద పెట్టుకోను?" అన్నాడట. ఇక్కడ వైద్యం చవకని విని వదినని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండేళ్లన్నారు. పదకొండేళ్లు బతికాడు! ఆ తొమ్మిదేళ్లు ఎవరిచ్చారు? దేవుడిచ్చాడు. ఎవరి చేతుల మీదుగా ఇచ్చాడు? ఇదిగో, ఈ వరుసలో కూర్చున్న చేతుల మీదుగా.

ఆయనకి ఈ దేశభాషలో కూరగాయల పేర్లు రావు. అవయవాల పేర్లన్నీ వచ్చు. సంతలో వేలు చూపించి కూరలు కొనేవాడు, ఆసుపత్రిలో మాత్రం మన నొప్పులన్నీ తన నోటితో చెప్పేవాడు. మన టీచరు పెద్దమ్మ మోకాలు ఎత్తలేక, అద్దాల తలుపుల క్లినిక్కి పోతానని పట్టుబట్టింది. ఈయన ఆవిణ్ణి పొద్దున్నే సర్కారు ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టాడు. పెద్దమ్మ మూతి ముడుచుకుంది. తీరా లోపలికి వెళ్తే ఎవరున్నారు? "పెద్దమ్మా, పొద్దున ఈ బెంచీ దగ్గర చూసేదీ, సాయంత్రం ఆ సోఫా దగ్గర చూసేదీ ఒకే డాక్టరమ్మ. కళ్ళజోడు కూడా మార్చదు" అన్నాడు. డాక్టరమ్మా, నీ గురించే చెబుతున్నాను, నవ్వు. పెద్దమ్మ ఇవాళ మెట్లెక్కి వచ్చింది.

ఇక నా సంగతి. దాచను. విశ్వాసముంటే మాత్రెందుకని ఇక్కడే, ఈ బల్లే చరిచి అరిచిన మీ పాస్టర్ని నేను. నోటితో అరిచి, ఇంటికెళ్లి చాటుగా మింగేవాణ్ణి! ఊరినుంచి తెచ్చుకున్నదొకటి, ఇక్కడ రాసిచ్చినదొకటి. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయాను. ఆత్మ దిగిందని మీరంతా చప్పట్లు కొట్టారు. కొట్టారా లేదా? ఆయనొక్కడే పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకుని, "ఆత్మ కాదు, బీపీ దిగింది" అన్నాడు. నా సంచి బోర్లించాడు. రెండు మాత్రల రేకులూ కళ్ళముందు పెట్టాడు. కంపెనీ పెట్టిన పేర్లు పెద్దక్షరాల్లో వేరువేరు. కింద చీమ తలకాయలంత అక్షరాల్లో మందు అసలు పేరు ఒక్కటే. "అయ్యగారూ, దేవుడు ఒక్కడేనని మాకు చెబుతారు. మాత్ర కూడా ఒక్కటే. పేర్లే రెండు" అన్నాడు.

నాకు రోషమొచ్చి బైబిలు వాక్యం తీశాను. ఆయన నాకంటే ముందే తీశాడు! తన చావు కబురు తానే విని గోడవైపు తిరిగి ఏడ్చిన రాజు ఉన్నాడు కదా, దేవుడు ఆయనకి పదిహేనేళ్లు పొడిగించాడు. పొడిగించి ఊరుకున్నాడా? పుండుమీద అంజూరపు పళ్ళ ముద్ద కట్టారు. "ప్రార్థన విన్నవాడే మందూ కట్టించాడు, అయ్యగారూ." ఏడో తరగతితో ఆగి, లారీ క్యాబిన్లో వాక్యం చదువుకున్నవాణ్ణి నేను. ఆ పుటని వందసార్లు చదివాను. అంజూరపు ముద్ద నా కంటికి ఆనలేదు.

ఆ వారం గురువారం నుంచే ఈ హాలు వెనక ఆ టేబులు వెలిసింది. మన సంచులు బోర్లించేవాడు, చదివేవాడు, వదిన పుస్తకంలో రాసేది. ఆఖరి పొద్దున కూడా అంతే. నర్సమ్మ మాత్ర తెచ్చింది. కళ్ళజోడడిగి, రేకు తిప్పి, ఆ చీమ తలకాయల్ని చదివి, తలూపి, అప్పుడు మింగాడు. నేను తలవైపు వాక్యం తెరిచి కూర్చున్నాను. ఆయన ఆఖరిసారి చదివింది మాత్రం ఆ రేకునే. నాకు కోపం రాలేదు. కన్నీళ్లొచ్చాయి.

ఇప్పుడు వినండి. పోయిన గురువారం మన పోస్టుమాస్టరు బాబాయి మాత్రల డబ్బాలు పట్టుకుని ఆ టేబులు దగ్గరికి వచ్చాడు. కుర్చీ ఖాళీ. తిరిగి వెళ్లిపోయాడు. ఆదివారం వంటగదిలో పడిపోయాడు. షుగరు మాత్ర, రెండు పేర్లతో రెండూ మింగాడు! నర్సమ్మల పుణ్యమా అని లేచి కూర్చున్నాడు. ఒక్క వారం, ఒక్క కుర్చీ! ఇంకెంతమంది పడాలి?

పూలు తేవద్దు, మాత్రల సంచులు తెమ్మన్నాను. తెచ్చారు. ఆ కుర్చీలో వదిన కూర్చుంటానంది. పక్కన నర్సమ్మ. పేర్లు బిగ్గరగా చదవడానికి నేను. అరిచే గొంతు ఇన్నాళ్లకి పనికొచ్చింది.

లేవండి. మోకాళ్లు లేవనివాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకోండి. రెండు నిమిషాలు ఆ మనిషిని తలుచుకుని మౌనంగా నిలబడదాం. ఆ తరవాత ఎవరూ గుమ్మం వైపు తిరగొద్దు. నేరుగా ఆ టేబులు దగ్గరికి నడవండి, సంచి బోర్లించండి. వచ్చే గురువారం కాదు. ఇవాళ, సాయంత్రం మాత్ర నోట్లో వేసుకోకముందే!