పులావు వాసన బరువు

తాతాజీ గారి కొబ్బరికొట్టులో కాటా ఉన్నది ఎండిన కురిడీ కాయలు తూచడానికే గానీ, తాటిపాక చుట్టుపక్కల మనుషులు కూడా తమ బరువు దాని మీదే చూసుకునేవారు. ఎనభై నాలుగో సంవత్సరం మొదలైన మూడోనాడు లాజరు ఆ కొట్టుకి వచ్చింది మాత్రం తన బరువు చూసుకోవడానికి కాదు. బావగారి బరువు చూసి, ఆ అంకె పట్టుకెళ్ళి అక్కకి చెప్పడానికి.

బావగారంటే దానం మాస్టారు. ఆ పక్కన ఆయన చేత అక్షరాలు దిద్దించుకోని ఇల్లూ లేదు, ఆయన కోతలు వినని అరుగూ లేదు. ఆయనకి బొడ్డు దగ్గర హెర్నియా దిగి ఏడాదైంది. అమలాపురం డాక్టరు గారు చూసి, "తొంభై ఎనిమిది కిలోలున్నారు. తొంభైకి దిగితేగానీ కత్తి పెట్టను. అలా వదిలేస్తే పేగు మెలిపడి ప్రాణం మీదికొస్తుంది, తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఆ సాయంత్రమే కుటుంబ ప్రార్థన అయ్యాక లాజరు అక్క కృపావతి, "మీరు తొంభైకి దిగేదాకా నేను కాఫీ ముట్టనండి" అనేసింది. పొద్దున్నే కాఫీ పడితేగానీ మనుషుల మొహం చూడని మనిషి. నలభై రోజులై తలనొప్పికి నుదుట గుడ్డ కట్టుకుని తిరుగుతోంది.

ఆ నలభై రోజుల మధ్యలో క్రిస్మస్ వచ్చిపడింది. క్రిస్మస్ అంటే అక్కడ ఒక ఇంట్లో భోజనం కాదు. ఆరాధన అయ్యాక గుమ్మం గుమ్మం ఎక్కాలి, ఎక్కిన ప్రతి గుమ్మంలోనూ తినాలి. మాస్టారు చెయ్యి కడక్కపోతే ఆ ఇంటికి పండగ వచ్చినట్టే కాదు. "ఈసారి ఒక్క మెతుకు ముట్టలేదు, కావాలంటే కాటా ఎక్కుతాను" అని ఆయన పెళ్ళాంతో చెప్పి వారమైంది. కాటా మాత్రం ఎక్కలేదు.

లాజరుకి ఇంకో అనుమానం కూడా ఉంది. అతను పోస్టుమేను. నిన్న ఉత్తరం ఇవ్వడానికి వెళితే అప్పాయమ్మ గారు, "మా క్యారేజీ పంపమని మీ బావగారితో చెప్పు బాబూ" అంది. అక్కనడిగితే, "ఏ క్యారేజీరా?" అని తెల్లమొహం వేసింది.

"ఎక్కండి బావగారూ," అన్నాడు లాజరు కాటా చూపించి.

"ఎక్కుతాను. నాకేం భయమా? ముందలా కూర్చో. సత్తెమ్మా, మా బావమరిదికి ఓ టీ ఇయ్యి. అసలు ఈ పండగ నేనెలా గట్టెక్కేనో తెలిస్తే నువ్వు నన్ను కాటా ఎక్కమనవురా, దండ వేస్తావు."

పక్క టీకొట్టు సత్తెమ్మ గ్లాసు అందించి, కదలకుండా అక్కడే నిలబడింది. లాజరు గోనెసంచుల దొంతరకి వీపు ఆనించి కూర్చున్నాడు. సంచుల్లోంచి ఎక్కడో టంగుమంది. గల్లాపెట్టె దగ్గర తాతాజీ గారు గట్టిగా దగ్గేరు.

"అప్పాయమ్మ గారింటితో మొదలెట్టేను," అన్నారు మాస్టారు. "ఆకు వేసేరు. గారెలూ, కోడికూరా. నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాను. ఇంకెక్కడైనా అయితే దాంతో సరి. మనవాళ్ళు ఊరుకుంటారా? ఆవిడ నా చేతి మీదే గారె పెట్టి, గారె మీద కూర పోసింది. నేను చెయ్యి తీసేనా? తియ్యలేదు! చెయ్యి వంచకుండా, కూర బొట్టు జారకుండా, అలాగే లేచి పెరట్లోకి వెళ్ళి కోళ్ళకి వేసి వచ్చేను."

"కోడికూర కోళ్ళకేసేరా అండీ?" అంది సత్తెమ్మ.

"గారె కోళ్ళకి, కూర కాకులకి. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాస్టారు తినట్లేదన్న కబురు నాకంటే ముందు పరిగెత్తింది. రెండో ఇంట్లో ఏడుగురు ఆడవాళ్ళు ఏడు గరిటెలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక గరిటె ఇటొస్తే నేను అటు, అదటొస్తే నేనిటు, అరగంట సేపు! పులావంతా పక్కన కూర్చున్న వాళ్ళ ఆకుల్లో పడింది గానీ నా ఆకులో ఒక్క మెతుకు పడితే ఒట్టు. ఆఖరికి వాళ్ళే నీరసపడి, కూర్చుని తిన్నారు."

"ఆయ్," అన్నారు తాతాజీ గారు, నమ్మినట్టుగా కాకుండా, మర్యాదకి.

"నాలుగో ఇంటికి ప్యాంటు వదులైంది. ఎనిమిదో ఇంటికి బెల్టుకి కొత్త చిల్లు పొడిచేను. పన్నెండో ఇంటికొచ్చేసరికి బెల్టులో చిల్లులే మిగిలేయి, తోలు లేదు."

"ఒక్కపూట తినకపోతే అంత తగ్గిపోతారా అండీ మాస్టారూ?"

"ఉత్తినే తినకపోతే తగ్గరండి తాతాజీ గారూ, మీరన్నది రైటే. ఎదురుగుండా పొగలు కక్కుతూ పెట్టుకుని తినకపోవడం వేరు! ఆ నిగ్రహం వేడికి లోపలున్న కొవ్వు కొవ్వులా ఉండదండి, కరిగి చెమటై పోతుంది. డాక్టర్లకి కూడా తెలియదిది."

"ఎక్కేస్తే ఓ పనైపోతుంది కదండీ," అన్నాడు లాజరు మళ్ళీ. నవ్వొస్తూనే ఉంది అతనికి, ఆయన కోతలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టమే. కానీ అక్క నుదుటి గుడ్డ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను. రేవు అవతల మా పాత శిష్యుడింటికి వెళ్ళాలి కదా, ఏరు దాటించే పంటు ఎక్కేను. సరంగు నావైపు చూసి ఏమన్నాడో తెలుసా? 'ఈ చొక్కా ఎవరిదండీ, ఇక్కడ ఆరేసి మర్చిపోయేరు' అన్నాడు! పక్కకి తిరిగితే కనపడ్డం మానేశానురా నేను. అవతలి ఒడ్డున గాలి. ఒకటే గాలి. శిష్యుడు భయపడి, నేను ఎగిరిపోకుండా చెరో జేబులో ఓ కొబ్బరికాయ వేసి పంపేడు. అలా ఆ కాయల బరువు మీద నడుచుకుంటూ ఇవతలికొచ్చి ఆఖరి గుమ్మం ఎక్కితే, ఆ ఇంటావిడ, 'పండగపూట కాయలెందుకు తెచ్చేరండీ మాస్టారూ, పచ్చడి చేస్తాను' అని రెండూ లాగేసుకుంది!"

"అయ్యబాబోయ్!" అంది సత్తెమ్మ.

"లేచేను! గుమ్మంలోంచి లేచి, చూరు దాటి, కొబ్బరిచెట్ల తలలు దాటి వెళ్ళి, చర్చి ముందు వెదురుబొంగుకి కట్టిన కాగితం నక్షత్రం ఉందా, దానికి తగులుకున్నాను. దాని మీద కూర్చుంటే అల్లవరం అవతల సముద్రం కెరటంతో సహా కనపడింది. కింద పిల్లలు మాస్టారూ దిగండని ఏడుపు. ఎలా దిగనూ? బరువుంటే కదా దిగడానికి! అప్పుడొచ్చిందయ్యా అసలైనది. నాలుగూళ్ళలో పొయ్యి మీదున్న పులావు వాసనంతా ఒక్కసారి పైకి లేచింది. నోరు మూసుకోగలను గానీ ముక్కు ఎంతసేపు మూసుకోను? ఓసారి పీల్చేను. ఓ కిలో పెరిగేను. మళ్ళీ పీల్చేను. అలా పీల్చి పీల్చి, బరువెక్కి బరువెక్కి, నెమ్మదిగా పాస్టరు గారి ముందు దిగేను."

మాస్టారు టీ గుక్క తాగి, గొంతు తగ్గించి, అసలు విషయానికి వచ్చేరు.

"అందుకే చెబుతున్నాను లాజరూ. ఇవాళ కాటా ఎక్కితే అది చూపించేది నా బరువు కాదు, పులావు వాసన బరువు. అది దిగడానికి టైము పడుతుంది. వాసన తీసేస్తే నేను తొంభైయే. మీ అక్కకి తొంభై అని చెప్పెయ్."

లాజరు వెనక్కి జరిగాడు. మళ్ళీ టంగుమంది. ఈసారి అతను లేచి, పైనున్న రెండు ఖాళీ సంచులు లాగేడు. వాటి వెనకాల స్టీలు క్యారేజీలు, కడిగి, బోర్లించి, ఒకదాని మీద ఒకటి. మూతల మీద పేర్లు చెక్కించి ఉన్నాయి. ఉత్తరాల మీద అడ్రసులు చదివే అలవాటు కొద్దీ లాజరు పైకే చదివాడు.

"బి. అప్పాయమ్మ. కె. దానమ్మ. సీహెచ్. జోజి. ఎన్. లూకా..." పదిహేడు పేర్లు చదివి ఆగేడు. "వాసన వీటిలోదేనా బావగారూ?"

సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవన్నీ కడిగింది ఆవిడే. తాతాజీ గారు పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నారు.

మాస్టారు గ్లాసు కింద పెట్టేరు. తర్వాత అన్నారు, "ఏ గుమ్మంలోనూ తినలేదురా. అది మాత్రం నిజం. తినకపోతే మాస్టారికి మామీద కోపం వచ్చిందనుకున్నారు. కోపం తీర్చడానికి రోజుకి ఇద్దరు ముగ్గురు చొప్పున, తినేదానికి రెండింతలు కట్టి పంపేరు. ఇంటికైతే మీ అక్క చూస్తుందని ఇక్కడ పెట్టించేను. అంత ప్రేమగా పంపింది పారబొయ్యనా? వారం రోజులు బడి వదిలేక ఇటొచ్చి..."

ఆయన వాక్యం పూర్తిచెయ్యకుండా వెళ్ళి కాటా ఎక్కేరు. తాతాజీ గారు కడ్డీ మీద గుండు జరిపి, ఇంకాస్త జరిపి, "తొంభై తొమ్మిదిన్నర అండీ" అన్నారు.

"ఆ అంకె చెప్పకురా," అన్నారు మాస్టారు కాటా మీద నిలబడే. "రోజూ పొద్దున్న మీ అక్క నాకు కాఫీ కలిపిచ్చి, ఉత్త గిన్నె ఓసారి వాసన చూసి పక్కన పెట్టేస్తుంది. అది చూళ్ళేకపోతున్నాను. నా పేగు ఏమైతే అయింది, తననైనా కాఫీ తాగనీ."

ఇన్నేళ్ళలో బావగారు ఏ అతిశయమూ కలపకుండా మాట్లాడ్డం అదే మొదటిసారి. అయినా లాజరు వెళ్ళి అక్కకి తొంభై తొమ్మిదిన్నర అనే చెప్పేడు. కృపావతి నుదుటి గుడ్డ కాస్త బిగించుకుంది. తర్వాత క్యారేజీల సంగతి కూడా విని, "ఎవరి గిన్నెలు వాళ్ళకి ఇచ్చి రమ్మను. సైకిలు మీద కాదు, నడిచి" అంది.

గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి తాతాజీ గారు ఒక్కో క్యారేజీకి ఒక్కో కొబ్బరికాయ ఇచ్చేరు. మొదటి రోజు కాపలాకి లాజరు కూడా వెళ్ళేడు. అప్పాయమ్మ గారు క్యారేజీ అందుకుంటూనే ఆకు వేసేసింది. మాస్టారు ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు, ఏ కథా చెప్పలేదు.

"నేను తగ్గేదాకా మా ఆవిడ కాఫీ మానేసిందమ్మా," అన్నారు.

అప్పాయమ్మ గారు ఆకు తీసేసింది. లోపలికి వెళ్ళి కాఫీపొడి పొట్లం ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "అమ్మాయికివ్వండి. తొందరగా తాగించండి," అని, మంచినీళ్ళు కూడా అడక్కుండా గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఆ కబురు కూడా ఆయనకంటే ముందే పరిగెత్తింది. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఎవరూ ఆకు వెయ్యలేదు. గిన్నెలు అయిపోయినా మాస్టారికి నడక మిగిలింది. రోజూ బడి అయ్యాక తాటిపాక దాకా పోయి వచ్చేవారు.

ఏప్రిల్లో, ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు శనివారం, మగవాళ్ళుండే కొట్టుకి ఎన్నడూ రాని కృపావతి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి కాటా పక్కన నిలబడింది. సోమవారం అమలాపురంలో ఆపరేషను. మాస్టారు పొద్దున్నుంచీ మామూలు కంటే గట్టిగా మాట్లాడుతున్నారు. లాజరుకి తెలుసు, అది భయం.

తాతాజీ గారు గుండు జరిపేరు. "ఎనభై తొమ్మిదీ ముప్పావు అండి."

సత్తెమ్మ అప్పటికే పాలు కాచి సిద్ధంగా ఉంది. టీ తప్ప ఏమీ అమ్మని ఆ కొట్లో ఆ రోజు ఒకే ఒక్క కాఫీ కలిసింది. కృపావతి గ్లాసు అందుకుని, నుదుటి గుడ్డ విప్పి భుజాన వేసుకుంది.

"ఇదేం ఉత్తినే రాలేదు తాతాజీ గారూ," అన్నారు మాస్టారు కాటా మీంచే. "పదిహేడిళ్ళు తిరిగేను. ఒక్కో ఇంట్లో బస్తాడు కాఫీపొడి నెత్తికెత్తేరు. అవన్నీ మోసుకుంటూ..."

"ఏడు పొట్లాలండి," అంది కృపావతి. "ముందు మీరు కాటా దిగండి."

ఆయన దిగేరు. ఆవిడ బల్ల మీద ఆయనకి చోటు చూపించి, పక్కన తను కూర్చుని, కాఫీ ఊదుకుంది.

"ఊఁ, చెప్పండి. తాగుతూ వింటాను."