బల్ల మీద ఒకే పెట్టె

ఆ పళ్ళెం ఇటియ్యి అన్నయ్యా. ఇయ్యమంటున్నానా! ముందు ఆ చేతిలోది కింద పెట్టు. ఇంకొక్క తూటా కూడా ముట్టుకోవద్దు.

నేనేం అరవట్లేదు. నా గొంతే అంత. చిన్నప్పట్నుంచీ వింటున్నావుగా, ఇవాళ కొత్తగా చెవులు మూసుకుంటావేంటి?

ఇదిగో, ఇలా కిటికీ దగ్గరికి రా, వెలుతురులో చూడు. ఇవేంటి? ప్రైమర్లు. తూటా అడుగున కూర్చుని మందు అంటించే పప్పు గింజంత బొత్తాలు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఇప్పుడు నీ మోచేతి పక్కన చూడు. రెండు పెట్టెలు! రెండూ తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లో మామూలువి, ఒకదాంట్లో పెద్ద మంట పెట్టే మాగ్నమ్‌వి. రెండూ సగం ఖాళీ. మరి ఈ పళ్ళెంలో ఉన్నవాటిలో ఏది ఎందులోంచి వచ్చిందో చెప్పు. చెప్పు మరి!

చెప్పలేవు. నేనూ చెప్పలేను. వీటిని తయారుచేసినవాడొచ్చి భూతద్దం పెట్టి చూసినా చెప్పలేడు.

ఏంటీ? నేను కలిపానా? భలేవాడివే! నేనిప్పుడేగా గరాజ్‌లోకి వచ్చింది, నా కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. నీ బల్ల మీద చెయ్యేసే ధైర్యం నాకెప్పుడైనా ఉందా?

"బల్ల మీద ఒకే పెట్టె." ఎవరి మాట అది? డిలన్ ఊళ్ళో తుపాకీ పట్టిన ప్రతివాడికీ నువ్వు నూరిపోసిన మాట. పళ్ళెంలో మిగిలినవి దాని పెట్టెలోకే పోవాలి, ఆ పెట్టె అల్మారాలోకి పోవాలి, ఆ తర్వాతే రెండో పెట్టె మూత తియ్యాలి. మెకానిక్ ఆర్విల్ ఒకసారి కలిపేశాడని కేఫ్‌లో అందరి ముందూ వాణ్ణి ఎలా ఉతికి ఆరేశావు! వాడు మూతి ముడుచుకుని, పళ్ళెం మీద సగం తిన్న సినమన్ రోల్ వదిలేసి వెళ్ళిపోయాడు. పాపం, వాడికి అసలే అదంటే ప్రాణం.

ఇప్పుడు నిన్నెవరు ఉతకాలి? నేనా?

ఏంటి గొణుగుతున్నావ్? చలికా? ఓహో, చలికి మాగ్నమ్ అయితే బాగా అంటుకుంటుందని కావాలనే వేశావా! ఎవరికి చెప్తున్నావ్ అన్నయ్యా ఈ కబుర్లు? మన కొండల చలికి ఈ తూటా మందు మామూలు ప్రైమర్‌తోనే శుభ్రంగా అంటుకుంటుందని, మాగ్నమ్ వేసేవాళ్ళు భయస్తులని, నువ్వేగా ఊరంతా వాదించి తిరిగావు? మాగ్నమ్‌వి నీ పెద్ద తుపాకీకి. మామూలువి నీ కూతురు మార్లా థర్టీ-నాట్-సిక్స్‌కి. ఎప్పుడూ అంతే.

నీ పెద్ద తుపాకీ... దాన్ని భుజానికెత్తి ఎన్నాళ్ళయింది అన్నయ్యా? భుజం ఆపరేషన్ అయ్యాక దాన్ని అమ్మేశాం కదా. నువ్వే అమ్మావు. మరి ఆ పెట్టె ఎందుకు తీశావు ఇవాళ?

సరేలే. ఆ మూత ముందు పెట్టెయ్యి.

కూర్చోమంటావా? కూర్చున్నా. ఇదిగో, చాలా? ఈ కాలు ఊగడం మాత్రం నా చేతిలో లేదు, దాన్ని చూడకు.

పొద్దున్నుంచీ ఎన్ని చేశావు? ఈ అట్ట డబ్బాలోవేనా? మార్లాకేనా? అబ్బా! మధ్యాహ్నం దాటగానే అది వచ్చేస్తుందన్నయ్యా. రేపు తెల్లారితే వేట సీజన్ మొదలు. ఈ డబ్బా జేబులో వేసుకుని, కొండెక్కి, మంచులో పడుకుని, ఎల్క్ దుప్పి కనపడగానే బోల్టు తోసి, తుపాకీకి చెంప ఆనించి కూర్చుంటుంది నీ కూతురు. లోపల ఏముందో దానికి తెలీదు. మామూలు ప్రైమర్‌కి సరిగ్గా సరిపడేలా, అంచు దాకా కొలిచి పోశావు మందు. దాని వెనక మాగ్నమ్ పడితే? మంట ఎక్కువ, లోపల ఒత్తిడి ఎక్కువ. తక్కువలో పోతే గురి తప్పి పాపం ఆ జంతువు పొట్టలో దెబ్బతో అడవిలో పడి తిరుగుతుంది. ఎక్కువలో పోతే...

చెప్పను. నోటితో అననంతే. అది చెంప ఆనించే చోటేగా!

ఇందులో ఏది మంచిదో ఏది కాదో ఏరడానికి కుదరదు. మొత్తం విప్పాల్సిందే.

ఇంకో మాట. ప్రైమర్లు నొక్కే ఈ చేతి పనిముట్టు. పక్కన పెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? మార్లా కొనిచ్చిన లివర్ మిషన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, టేపు కూడా విప్పలేదు. బల్లకి బిగించుకుని మెల్లగా కిందికి లాగితే చాలు, బొటనవేలికి శ్రమే ఉండదు. నీకేమో పిడికిలితో నొక్కితేనే పని చేసినట్టు! "ప్రెస్సు మిషన్ మీద చేసేవాడికి తూటాతో మాటల్లేవు, లివర్ లాగేవాడిది దూరపు చుట్టరికం, పిడికిట్లో నొక్కేవాడికే ప్రైమర్ గూట్లో కూర్చున్న సంగతి అరచేతికి తెలుస్తుంది." నీ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చేసింది.

అరచేతికి తెలిసేది. ఒప్పుకుంటాను. ఒకప్పుడు నీ చెయ్యి అలాంటిదే. ఇప్పుడేదీ ఆ చెయ్యి? కీళ్ళు చూడు, అల్లం కొమ్ముల్లా ఎలా ఉబ్బాయో. పొద్దున చొక్కా గుండీలు పెట్టింది నేనేగా?

పైగా ఆ వేళ్ళ మెరుపేంటి? బేకనా? బేకన్ తిని చెయ్యి తుడుచుకోకుండానే ప్రైమర్లు ముట్టుకున్నావా? కొవ్వు అంటితే ప్రైమర్ చస్తుందని, అన్నం తిన్న చేత్తో బల్ల దగ్గరికొచ్చినందుకు నన్ను ఎన్నిసార్లు తరిమావు నువ్వు!

నవ్వుతావేంటి? ఇందులో నవ్వేదేముంది?

...సర్లే, నాకూ నవ్వొస్తోంది. తువ్వాలు ఇదిగో. తుడుచుకో.

అబ్బ, ఈ గాలొకటి. తలుపు కొట్టుకుంటూనే ఉంది. మార్లా ట్రక్కేమో అనుకున్నాను. కాదులే. ఇంకా టైముంది.

చూడన్నయ్యా, నీకో మాట చెప్పాలి. ఏడాదిగా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇవాళ చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

పోయినేడు మార్లాకి నువ్వు డబ్బా ఇవ్వడానికి కొన్ని రోజుల ముందు నేను దాన్ని తీసి చూశాను. ఊరికే. నువ్వు చేసేలాగే ప్రతి తూటా అడుగున వేలికొసతో రాసి చూశాను. ప్రైమర్ అంచుకన్నా వెంట్రుకవాసి లోపలికే ఉండాలి కదా, వేలికి ఏమీ తగలకూడదు. తగిలింది. ఒకటి పైకి పొడుచుకుని ఉంది. ఇంకొకటి పక్కకి ఒరిగింది. మరొకటి... అన్నయ్యా, ఒకటి తిరగేసి కూర్చుంది. బోర్లా! పళ్ళెం గీతల మీద మెల్లగా ఆడిస్తే అన్నీ ఒకే వైపుకి తిరుగుతాయని ఊరందరికీ చూపించిన మనిషివి నువ్వు. ఆ పళ్ళేన్ని ఆడించడమే మర్చిపోయావు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగా. ఈ గరాజ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత నువ్వు కేఫ్‌కి వెళ్ళిన పొద్దుటిపూటలన్నీ నేను ఈ బల్ల ముందే కూర్చున్నాను. నేను! "వెండెల్‌కి నిలకడ లేదు, వీణ్ణి మందు దగ్గరికి రానిస్తే ఇల్లు లేచిపోతుంది" అని నువ్వు జీవితమంతా దూరం పెట్టిన నేను. నీవన్నీ విప్పేశాను. నీ లెక్క ప్రకారమే మందు కొలిచాను, మామూలు ప్రైమర్లే తీశాను, బల్ల మీద ఒకే పెట్టె పెట్టుకున్నాను. నాకు నీ పిడికిలి విద్య రాదు, అందుకని ఆ లివర్ మిషనే తెచ్చుకుని బిగించుకున్నాను. మళ్ళీ విప్పి, టేపు అంటించి, ఉన్నచోటే పెట్టేశాను. నువ్వు కనిపెట్టలేదు. కాలు ఊగుతూనే ఉండేది. చెయ్యి మాత్రం కదల్లేదు. ఎలా కదులుతుంది? మార్లా చెంప కళ్ళముందే ఉంటే.

మన దగ్గర ట్రక్కు అడిగితే ఇస్తారు, గుర్రం అడిగితే ఇస్తారు. ఇంకొకడు కూర్చిన తూటా మాత్రం ఎవడూ పేల్చడు. సొంత తమ్ముడిదైనా సరే. పేల్చమని అడిగేవాడూ ఉండడు, అది తప్పు. మార్లా అయితే నీవి తప్ప కొట్టువి కూడా ముట్టదు. నాకు తెలుసు. తెలిసే చేశాను.

కొండ దిగి, ట్రక్కులో ఎల్క్ వేసుకుని వచ్చి, నీ మెడ పట్టుకుని గిరగిరా తిప్పిందే... ఒక్కటే దెబ్బ, నాన్నా, అక్కడికక్కడే కూలిపోయింది అని... అది నా తూటా అన్నయ్యా.

నాది.

నువ్వు ఏడాదంతా కేఫ్‌లో చెప్పుకున్నావే, అదే ఎల్క్. వాళ్ళు నీ కాఫీకి డబ్బులు తీసుకోకుండా విన్న కథ అదే. నేను పక్క కుర్చీలో కూర్చుని బీన్సు తింటూ తలూపాను. ఒక్కోసారి కడుపు మండేది, నిజం చెప్తున్నాను. ఒక్కోసారి నీ మొహం చూస్తే ఆ మంట ఎటు పోయేదో తెలీదు.

అలా చూడకు. తిట్టు. బల్ల ముట్టుకున్నందుకు కొట్టినా పడతాను. తల దించుకోకన్నయ్యా, నీ తల దించడానికి చెప్పలేదు నేను. ఇక ప్రైమర్ల పని నాకొదిలెయ్యి, అంతే నేను అడిగేది. మార్లాకి మనిద్దరం కలిసి చెబుదాం. ఇవాళే, అది ట్రక్కు దిగగానే.

సరేనా? సరే అన్నావా? మళ్ళీ అను.

హమ్మయ్య. నువ్వు ఒప్పుకోవనుకున్నాను. ఎంత భయపడ్డానో! నీ చేత్తో నువ్వే పనిముట్టు నా చేతిలో పెట్టావు చూడు, అది చాలు నాకు. ఆగు, కాఫీ తెస్తాను, ఇది చల్లారిపోయింది. ఇద్దరం తాగుదాం. కదలకు.

...ఇదిగో, వేడిగా ఉంది, జాగ్రత్త.

ఏంటీ? ఏ ఎల్క్?

...

ఆ. విన్నాను. నువ్వు చెప్పావులే ఇంతకుముందు. ఫర్లేదు, మళ్ళీ చెప్పు.

అవును, గట్టు దాటబోతుంటే... ఊఁ. గాలి ఎదురుగా ఉంది... ఊఁ. ఒక్కటే దెబ్బ. అవునవును. అక్కడికక్కడే.

ఎవరి తూటానా? ఏం ప్రశ్నన్నయ్యా అది. నీదే. ఇంకెవరిది? ఈ లోయలో అలాంటి తూటా చేసే చెయ్యి ఇంకెవరికుంది?

పళ్ళెమా? ఏ పళ్ళెం? అదా... ఏం లేదు, నేను కడగడానికి తీశాను. ప్రైమర్లు అయిపోయాయి. నిజంగానే అయిపోయాయి, కొట్లో కూడా లేవట, వచ్చే వారం వస్తాయట. నువ్వు ఈ ఖాళీ ఇత్తడి తూటా గొట్టాలు పట్టు. ఇదిగో నీ చిన్న బ్రష్షు. ప్రైమర్ గూళ్ళలో మసి పేరుకుపోయింది, తిప్పి తిప్పి శుభ్రం చెయ్యి. నువ్వు చేసినంత శుభ్రంగా ఎవరూ చెయ్యలేరు. ఇది మాత్రం అబద్ధం కాదు. గూడు మురికిగా ఉంటే ఎంత మంచి చెయ్యి కూర్చోబెట్టినా ప్రైమర్ సరిగ్గా కూర్చోదు, నువ్వే చెప్పావుగా.

అదిగో. ఈసారి ట్రక్కే. మలుపు దగ్గర గేరు మార్చింది, అలా మోటుగా మార్చేది మార్లాయే.

అన్నయ్యా, ఆ పొద్దుటి డబ్బా నాకియ్యి. ఇలా ఇయ్యి, నా కోటు జేబులో పెట్టుకుంటాను. దానికి లేబుల్ అంటించాలి. ఇదిగో, దాని బదులు ఇది పట్టుకో. కాఫీ డబ్బా వెనకాల ఉంది, పోయినవారమే సిద్ధంగా పెట్టాను. అన్నీ వేలికొసతో చూశాను, ఒక్కటి కూడా తగల్లేదు. ఎవరు చేశారా? నువ్వే చేశావు. మర్చిపోయావులే.

చెప్తాను. మార్లాకి చెప్తాను. ఈ సీజన్ కానీ. లేకపోతే ఆ తర్వాత. ఇవాళే చెబుదామనుకున్నాను, ఇద్దరం కలిసి... నువ్వు సరే కూడా అన్నావు.

తలుపు తీసింది. లే, నిలబడు, కాలరు సరిచేసుకో. ఆ డబ్బా నాకు ఇవ్వకు, నువ్వే పట్టుకుని వెళ్ళు, నీ చేత్తోనే దాని చేతిలో పెట్టు. నేనిస్తే అది పేల్చదు.