నారింజ సీసా ఎలా ఖాళీ అయిందంటే

సీసా ఏదంటావ్? చెప్తా, కూర్చోరా బామ్మర్దీ, అలా గుర్రుగా చూడకు. టీ మాస్టారూ, వీడికో టీ ఇవ్వండి. ఈ దర్జీకి సంగతి తెలీదు కదా, మొదట్నుంచీ చెప్తా. ఇవాళ సాయంత్రం వీళ్ల వర్క్‌షాపు ఓనరు వీడింటికి భోజనానికొస్తున్నాడు. ఆయనకి ఇటలీ వాళ్లు వైనులో కలుపుకుని తాగే స్ప్రిట్జ్ అంటే ప్రాణం. ఆయన మనసు కుదిరితే మావాడు ఫోర్‌మన్, కుదరకపోతే ఎప్పటిలా అదే గ్రీజు, అదే పానా. అందుకని నారింజ రంగు మందు ఒక సీసా కొని, ఇంట్లో పిల్లలున్నారని నా దగ్గర దాచాడు. నా దగ్గర పెట్టాడంటే బ్యాంకు లాకర్లో పెట్టినట్టే కదా.

"లాకర్లో ఖాళీ సీసా ఉందని అక్క చెప్పింది" అన్నాడు బామ్మర్ది.

అక్కడికే వస్తున్నా. మొన్న మధ్యాహ్నం మీ అక్క డ్యూటీకెళ్లింది, నేను ఆఫీసులో లిఫ్టు నడిపే పనికి సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నా. తలుపు చప్పుడైంది. చూద్దును కదా, నా లిఫ్టులో రోజూ పై అంతస్తుకెక్కే పెద్దాఫీసరు! చేతిలో పొంగే వైను సీసా. నువ్వు స్ప్రిట్జ్ కలిపితే తిరుగుండదటగా అన్నాడు.

"ఎవరు చెప్పారట ఆయనకి?" అన్నాడు దర్జీ.

మంచి పేరుకి కాళ్లుంటాయయ్యా, నువ్వు నీ కత్తెర చూసుకో. ఇంటికొచ్చిన పెద్దమనిషికి లేదని ఎలా చెప్పను? పోయేది మీ అక్క పరువు, అంటే నీ పరువేరా. అందుకే నీ సీసా తీశా. మూత ఎంత బిగుసుకుపోయిందనుకున్నావ్, పళ్లతో పీకితే గానీ రాలేదు.

బామ్మర్ది టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "సీలు నువ్వే తెంపావా బావా?"

నేను కాక ఇంకెవరు తెంపుతారు? ఫట్‌మని తెగింది. గ్లాసు నిండా ఐసు వేశా. మూడు వంతులు వైను, రెండు వంతులు నారింజ మందు, ఒక వంతు సోడా. కలిపీ కలపనట్టు చెంచా ఒక్కసారి తిప్పి, పైన ఓ నారింజ ముక్క. ఇంతోటిదానికి పెద్ద చదువులక్కర్లేదు గానీ, చెయ్యి తిరిగి ఉండాలి. అయితే అంతకుముందు ఆ వైను బిరడా లాగానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది కిటికీలోంచి దూసుకెళ్లి, చౌరస్తాలో సిగ్నల్ లైటుకి తగిలింది. లైటు ఎర్రగా మారి అలాగే ఉండిపోయింది. ఎక్కడి బళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎండలో మాడుతున్న జనం, వాసన పట్టుకుని మా మెట్లెక్కారు. రెండు బస్సుల వాళ్లు, ఓ పెళ్లివారి వ్యాను. అందరికీ పోశా.

"ఒక్క సీసాతోనా?" అన్నాడు దర్జీ.

అదే నాకూ అర్థం కాలేదు, పోస్తున్నకొద్దీ ఊరుతోంది! జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులొచ్చారు. తలా ఒక గుక్క తాగి, ఒకరికొకరు బేడీలేసుకుని, మమ్మల్ని అరెస్టు చేయండి బాబూ అని నా కాళ్లమీద పడ్డారు. చేతికర్ర లేకుండా కదలని రిటైర్డు జడ్జీగారు మా డైనింగు టేబులెక్కి గంతులేశారు. కాలు విరిగింది. జడ్జీగారిది కాదు, టేబులుది. ఇంతలో, నవ్వకండి, రేవులో ఓడ దిగిన ఇటలీ వాడొకడు పరిగెత్తుకొచ్చాడు. ఒక్క చుక్క నాలిక్కి తగిలిందో లేదో బావురుమన్నాడు. మా అమ్మమ్మ కూడా ఇలా కలపలేదయ్యా, ఓడెక్కు, మా ఊరొచ్చి మావాళ్లకి నేర్పు అని ఒకటే గొడవ. నేనే, ఎల్లుండి సాయంత్రం మా బామ్మర్దింట్లో పనుంది, రానన్నా.

బామ్మర్ది నవ్వలేదు. "రుచెలా ఉంది బావా?" అని నెమ్మదిగా అడిగాడు.

రుచా? ఏం చెప్పమంటావ్, తేనె! గొంతులో దిగుతుంటే తియ్యగా, చల్లగా. రెండో గ్లాసుకి నాకే కాళ్లు తేలిపోయాయి.

"అసలు మందు చేదుగా ఉంటుంది బావా" అన్నాడు బామ్మర్ది. "అది మా బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. నీ సంగతి తెలిసే, సీలు నేనే తెంపి దాన్ని వేరే సీసాలో పోసుకుని, నీకిచ్చినదాన్లో పిల్లల నారింజ షర్బతు నింపాను. రాత్రికి మా ఓనరుకి గ్లాసులు కలిపే పని ఎవరికివ్వాలో తేల్చుకుందామని. తాగానురా, తప్పయింది అని ఒక్క మాటంటే నీకే ఇద్దామనుకున్నా. మా ఓనరు ముందు కూర్చుని నువ్విలా మొదలెడితే, నా ఫోర్‌మన్ పని ఓడెక్కి పోతుంది."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే టీ మాస్టారు మంట తగ్గించి, ఇటు తిరిగాడు. "మరి మొన్న మధ్యాహ్నం నా బెంచీ పట్టుకుని ఊగావు, పాటలు పాడావు, ఇంటికి దారేదని నన్నే అడిగావు. అదంతా షర్బతుకేనా?"

బామ్మర్ది లేచి చెప్పులేసుకుంటుంటే బావ మనసాగక, "పోనీ ఐసైనా నన్ను తేనివ్వరా" అన్నాడు.

"వద్దులే బావా. దార్లో అది కరిగి నీళ్లవుతుంది, ఆ నీళ్లకి నీకు మత్తెక్కుతుంది."