బొగ్గుకు పిలుపు నేర్పడం

గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. మధ్యాహ్నం పట్టుకున్న జల్లు అప్పుడే వెలిసింది. గాలి లేదు, చూరు నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. వంటగదిలో అక్క కుక్కపిల్ల బొగ్గుకు బిస్కెట్లు చేస్తోంది. నాలుగేళ్లుగా ఈ ఇంట్లోనే పెరుగుతున్న తన కూతురు పిచ్చుకను తీసుకువెళ్లడానికి వచ్చిన చెల్లెలు ఎదురుగా కూర్చుని ఉంది.

“అంటే, దాని బట్టలు కూడా సర్దలేదా ఇంకా?”

“సర్దుతాలే. ఏమంత తొందర. ఆ గిన్నె ఇటు జరుపు.”

“ఆరున్నరకి బస్సక్కా.”

“తెలుసు. కార్జం చల్లారితే గానీ రుబ్బకూడదు. వేడి మీద రుబ్బితే పిండంతా జావైపోతుంది.”

“పిల్లేదీ?”

“మేడమీద. బొగ్గుతో.”

“నేనొచ్చి అరగంటైంది. మెట్లు దిగలేదు.”

“కుక్కపిల్ల ఒళ్లో నిద్రపోతోందేమో. అది లేచేదాకా ఇది కదలదు, పిచ్చి మొద్దు.”

“కిటికీ పక్కన దానికో మంచం వేయించాను. బడి మా ఆసుపత్రి వెనకే. పగలు డ్యూటీలకి మార్పించుకున్నాను, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.”

“చెప్పావుగా ఫోన్లో.”

“మళ్లీ చెబుతున్నాను.”

“నేనూ మళ్లీ చెబుతున్నాను. పిల్ల రానంటే ఈడ్చుకుపోనని మాటిచ్చావు.”

“ఇచ్చాను. రానని దాని నోటితో అంటే బలవంతం చెయ్యను. ...ఇవేనా ఆ బిస్కెట్లు? ఒకటి తిననా?”

“తిను. పొద్దున మీ బావ కూడా తిన్నారు, టీలో ముంచుకుని. ఉప్పు మర్చిపోయావే అన్నారు. కుక్క బిస్కెట్లని చెబితే, పోనీలే, ఈ ఇంట్లో దానికోసమైనా ఓపిగ్గా వండుతున్నావు అన్నారు.”

“బావ మారలేదు. నిజంగానే ఉప్పు లేదే.”

“ఉప్పు వద్దు. ఉల్లిపాయ చాకుకి కూడా తగలకూడదు, వాటికి విషం. ఉడికిన కార్జం, గోధుమపిండి, ఒక గుడ్డు, అంతే. పలచగా ఒత్తి, గోరంత ముక్కలు కోసి, తక్కువ వేడిలో గలగలలాడేదాకా ఓవెన్లో ఉంచాలి. పెద్ద ముక్కలైతే నములుతూ కూర్చుంటుంది. ఎందుకిచ్చామో మర్చిపోతుంది.”

“ఎందుకిస్తారు?”

“పిలిస్తే వచ్చినందుకు. పేరు పెట్టి పిలవాలి, వచ్చీ రాగానే నోట్లో పెట్టాలి. కాస్త ఆగావో, దేనికిచ్చావో దానికి తెలీదు. ఇంకా, కడుపు నిండా పెట్టి నేర్పకూడదట. నేర్పే అతను అన్నాడు.”

“నేర్పేవాణ్ణి కూడా పెట్టావా?”

“ఆదివారాలు వస్తాడు. పిచ్చుక సరదా పడింది.”

“ఎప్పుడు కొన్నావు కుక్కని?”

“ఎప్పుడంటే... ఆ మధ్య.”

“ఆ మధ్యంటే?”

“పోయిన నెల్లో.”

“నేను వస్తున్నానని చెప్పకముందా, చెప్పాకా?”

“ఎవరికి గుర్తు. ఆ చాకు ఇలా ఇవ్వు.”

“నాకు గుర్తుంది. మీ ఇంటి ఓనర్లు కుక్కల్ని ఉంచుకోనిస్తారా అని అడిగావు. ఉంచుకోనివ్వరన్నాను. ఊరికే అడిగావనుకున్నాను.”

“పిల్ల ముచ్చటపడింది, కొన్నాం. దానికింత ఆరానా? నువ్వు నర్సువే తల్లీ, పోలీసువి కాదు.”

“సరేలే. వస్తుందా మరి, పిలిస్తే?”

“ఇంట్లో ఏ మూలనున్నా పరుగెత్తుకొస్తుంది. ఒక్క మీ బావ పిలిస్తేనే రాదు.”

“పాపం, ఆయనేం చేశారు?”

“వచ్చిన వారంలోనే రా రా అని పిలిచి పంపు కింద పెట్టారు. గోళ్లు తీసిందీ ఆయనే. ఇప్పుడాయన గొంతు వినపడితే చాలు, మంచం కింద దూరుతుంది. నేర్పే అతను చీవాట్లు పెట్టాడు కూడా. దానికి గిట్టని పనికి పేరు పెట్టి పిలవకండి సార్, పిలుపు పాడైపోతుంది, ఒకసారి పాడైందా, తర్వాత మీరు బంగారం పెట్టినా రాదు అని. స్నానం చేయించాలంటే నోరు మూసుకుని వెళ్లి ఎత్తుకురావాలట. నవ్వలేక చచ్చాను. ...ఏంటే, అలా చూస్తున్నావు?”

“పిచ్చుకకి ఇంజెక్షన్ ఎక్కడ వేయిస్తున్నావు?”

“ఇప్పుడా మాటెందుకు?”

“కీళ్ల జ్వరం వచ్చినప్పట్నుంచీ మూడు వారాలకోసారి. ఎక్కడ?”

“ఇంట్లోనే. కాంపౌండర్ వచ్చి వేసిపోతాడు. ఒక్కసారి కూడా తప్పలేదు, కావాలంటే అతన్నడుగు.”

“ఏడుస్తుందా?”

“ఏడవదా మరి. చిక్కటి మందు, మండుతుంది. రెండ్రోజులు కాలీడ్చుకుంటూ నడుస్తుంది.”

“ఏం చెప్పి పడుకోబెడతావు?”

“చెప్పేదేముంది. మీ అమ్మ వేయించమందే, నన్నేం చెయ్యమంటావు అంటాను. అబద్ధమా? ప్రతిసారీ నువ్వే కదా ఆ పొద్దున ఫోన్ చేసి, మర్చిపోకు మర్చిపోకు అని...”

“అవును. నేనే చేసేదాన్ని. నువ్వు ఫోన్ దానికిచ్చేదానివి.”

“తల్లీకూతుళ్లు మాట్లాడుకోవద్దా?”

“నేను పెట్టేశాక కాంపౌండర్ వచ్చేవాడు.”

“...వచ్చేవాడు.”

“మామూలు రోజుల్లో చేస్తే బళ్లో ఉంది, నిద్రపోయింది, ఆడుకుంటోంది అనేదానివి.”

“ఆడుకుంటుంటే ఆడుకుంటోందనే అంటాం.”

“ఇంజెక్షన్ రోజు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే దొరికేది.”

“నువ్వెటు లాగుతున్నావో నాకు తెలియట్లేదు.”

“తెలుస్తోంది నీకు. సూది దింపాక ఎవరెత్తుకునేవాళ్లు?”

“నేను కాక ఎవరెత్తుకుంటారు? నువ్వున్నావా ఇక్కడ? కాపడం పెట్టింది నేను. రెండ్రోజులూ బాత్రూముకి మోసుకెళ్లింది నేను. ఒళ్లో వేసుకుని నోట్లో చక్కెర బిళ్ల పెట్టింది నేను. ఇన్నాళ్లూ లేనిది ఇవాళ బస్సెక్కి వచ్చి నన్ను బోనెక్కిస్తావా?”

“వెంటనే పెట్టేదానివా?”

“ఏంటి?”

“బిళ్ల. వెంటనే పెట్టేదానివా?”

“...ఏడుస్తున్న పిల్ల ముందు ఆలస్యం చేస్తామా.”

“నువ్వు దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూశావు. కాదనను. రాత్రి డ్యూటీల మధ్య జ్వరంతో ఉన్న అయిదేళ్ల పిల్లని పెట్టుకోలేక నీ చేతుల్లో పెట్టాను. చచ్చినా ఆ రుణం తీరదు. ఒక్కటే చెప్పు. తెలిసి చేశావా?”

“లేదే. నా మీదొట్టు. ఆ కుక్క నేర్పే అతను అనేదాకా నాకు తట్టనే లేదు.”

“అన్నాక తట్టింది.”

“...తట్టింది.”

“అన్నాక ఒక ఇంజెక్షన్ పడి ఉండాలి. పోయిన వారం.”

“పడింది.”

“అప్పుడేం చెప్పావు దానికి?”

“మాడు వాసన వస్తోంది. ఓవెన్లో ముందటి వాయి చూసొస్తా, ఉండు.”

“ఏం చెప్పావక్కా?”

“మీ అమ్మ వేయించమంది అన్నాను.”

“తెలిసీ.”

“నువ్వు తీసుకుపోతానన్నావు. నన్నేం చెయ్యమంటావు? తీసుకుపోతానన్నావు కదే.”

“సరే. ఇక నేను పిలుస్తాను దాన్ని.”

“ఆగు, నేను పిలుస్తాను. నేను పిలిస్తే...”

“నువ్వు పిలిస్తే వస్తుంది. తెలుసు. నన్ను పిలవనీ.”

“పోనీ ఈ ముక్కలు నాలుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడు. ముందు బొగ్గు దిగుతుంది, దాని వెనకే ఇదీ...”

“వద్దు. ...పిచ్చుకా. పిచ్చుకా, అమ్మనే. కిందికి రామ్మా.”

“...ఎందుకు?”

“ఊరికేనే తల్లీ. నిన్ను చూద్దామని.”

“పోయిన వారమే కదా వేశారు. ఇంకా రెండు వారాలుంది.”

“ఇంజెక్షన్ కాదమ్మా.”

“ఫోన్లో కూడా ముందు ఊరికేనే అంటావు.”

“ఇవాళ నిజంగా ఊరికేనే. తలుపు తెరువు, ఒక్కసారి మొహం చూపించు.”

“కాంపౌండర్ మామ లేడా కింద?”

“లేడు. నేనూ పెద్దమ్మా, అంతే.”

“పెద్దమ్మని చెప్పమను.”

“అక్కా, చెప్పు. ఎవరూ లేరని చెప్పు.”

“...”

“అక్కా. నీ మాటైతే నమ్ముతుంది. ఒక్క మాట.”

“...”

“నీకు దణ్ణం పెడతాను. నోరు తెరువక్కా.”

“అమ్మా, పెద్దమ్మ ఏం మాట్లాడట్లేదు. నేను రాను. గడియ పెట్టేసుకుంటున్నాను.”

ఆ సాయంత్రం తల్లి ఒక్కతే తిరిగి వెళ్లింది. ఆ రోజు కింద కాంపౌండర్ లేడని పెద్దయ్యాక తెలుసుకున్న ఆ పిల్ల, పద్దెనిమిదేళ్లు నిండాక వేరే ఊళ్లో పని వెతుక్కుని వెళ్లిపోయింది. చిరునామా తల్లికీ ఇవ్వలేదు, పెద్దమ్మకూ ఇవ్వలేదు.