అయిదు కార్లకి ఒక్క అల్లుడు

పొగ పరీక్ష కేంద్రం, మూడో వరుస. ముందు ఇంకా రెండు బండ్లున్నాయి. పాత కారు స్టీరింగు దగ్గర సైన్సు మాస్టారు, పక్క సీట్లో ఆయన బావమరిది, మెకానిక్కు.

“ఆపకు బావా! ఆపకు. ఆపావంటే చల్లారిపోతుంది.”

“ఎదురుగా బోర్డు చూశావా? ‘వరుసలో ఉన్నవారు ఇంజిన్ ఆపవలెను’ అని ఇంతింత అక్షరాలతో రాశారు.”

“బోర్డు చదివితే కారు పాసవుతుందా?”

“గంట నుంచి ఇలాగే తిప్పుతున్నాం రా. మన బండి పొగ వదలదని చూపించడానికి గంట నుంచి పొగ వదులుతున్నాం.”

“అది సైన్సు. నువ్వు చెప్పాలి నాకు. అల్లుడు వేడెక్కితేనే పని చేస్తాడు. చల్లగా ఉంటే అలిగి కూర్చుంటాడు. పోయిన నెల ఏమైంది?”

“చల్లారిపోయాడు. ఫెయిలయ్యాం.”

“అంతకుముందు?”

“అసలు అల్లుడే లేడు. డాక్టరుగారి కారుకి వెళ్లి ఉన్నాడు. ఒరేయ్, ఇక్కడ అల్లుడు అల్లుడు అనకు. ఎవరైనా వింటారు.”

“వింటే మంచిదేగా? ‘కన్వర్టర్’ అంటే పొగ వడపోసే డబ్బా గురించి అని అందరికీ తెలిసిపోతుంది. అల్లుడంటే మనింటి గొడవ అనుకుంటారు. అయినా పేరు పెట్టింది నువ్వే. ఒక్కరోజు వస్తాడు, ఆ ఒక్కరోజూ ఇంటిల్లిపాదీ బుద్ధిగా ఉంటారు, మర్నాడు వెళ్లిపోతాడు, మళ్లీ ఎవరి గోల వాళ్లది. నువ్వు అన్నదేగా?”

“నేను అన్నది సరదాకి. మీరు దాన్ని వంతుల కాగితం మీద కూడా ఎక్కించారు. ‘సోమవారం: అల్లుడు దర్జీగారి ఎర్ర కారుకి. మంగళవారం: ఫోటోగ్రాఫరు తెల్ల కారుకి.’ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?”

“బుధవారం మనది, రేపు డాక్టరుది, ఎల్లుండి మన పులిది, అదే, ఆ పచ్చ కారాయనది. అయిదు కార్లు, ఒక్క డబ్బా. తప్పేముంది? ఈ మోడలుకి ఒరిజినల్ డబ్బా ఎక్కడా దొరకడం లేదు. పాత ఇనుము కొట్లో ఆ ఒక్కటీ నా కంటపడింది కాబట్టి మీ అయిదుగురి పరువూ నిలబడింది. స్పీడు కావాలని అందరూ డబ్బాలు పీకించి పారేశారు.”

“పీకింది నువ్వే.”

“పీకమంది నువ్వే.”

“సరే, అరవకు.”

“నువ్వే అరుస్తున్నావు బావా.”

“భయం రా. నీకేం, దిగి వెళ్లిపోతావు. ఇది మూడోసారి. ఇవాళ ఫెయిలైతే కారు నంబరు రద్దు చేసేస్తారు. మీ అక్క పొద్దున గుమ్మంలో నిలబడి ఏమందో విన్నావుగా?”

“‘ఫెయిలైతే అట్నుంచి అటే కారుని పాత ఇనుము తూకానికి వేసి, నడుచుకుంటూ ఇంటికి రండి’ అంది.”

“నవ్వుతూ అంది. అదే నాకు భయం.”

“ఏం కాదు. పులి మాటిచ్చాడుగా. ‘మూడో వరుసలోకే వెళ్లండి, లోపల నా మనిషి ఉన్నారు, నా మాట జవదాటరు’ అన్నాడు.”

“ఎవరా మనిషి?”

“చెప్పడు. పులి కదా. ఇంట్లో కూడా తను కనుసైగ చేస్తే చాలంటాడు.”

“అందరూ అలాగే అంటారు, ఇంటి బయట.”

“కదులు, కదులు, ముందు బండి వెళ్లింది. మెల్లగా తొక్కు. మెల్లగా అన్నానా!”

“ఆ తుమ్మేంటి?”

“స్పీడు కోసం పెట్టిన టర్బో వాల్వు. గాలి కక్కింది. మేజోడు ఊడినట్టుంది.”

“ఏ మేజోడు?”

“చప్పుడు రాకుండా లోపల కుక్కాను.”

“ఎవరి మేజోడు?”

“మనలో మనకి ఏముందిలే.”

“అందుకా పొద్దున్న నాకు ఒక్కటే దొరికింది!”

“మళ్లీ తొక్కకు. తుమ్ముతుంది. గ్లవ్ బాక్సు మూసేయ్.”

“మూసే ఉంది.”

“టర్బో తిప్పే గుండీ కనబడకుండా గుడ్డ కప్పావా?”

“గుడ్డ తెద్దామనే అనుకున్నాను…”

“అనుకున్నావు! బావా, వాళ్లు పిలుస్తున్నారు. నవ్వు. అంత కాదు. మామూలుగా నవ్వు.”

కారు కింద నుంచి తనిఖీ చేసే గొయ్యి మీద ఆగింది. పలక మీద బిగించిన కాగితాలతో ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

“ఇంజిన్ ఆపి ఉండాల్సింది. బోర్డు చూడలేదా?”

“చూశాం మేడమ్. ఇది ఒకసారి ఆపితే…”

“మళ్లీ స్టార్టవదు మేడమ్! ముసలి బండి. పాపం.”

“మీరెవరు?”

“మా బావమరిది మేడమ్. తోడొచ్చాడు.”

“మీరేం చేస్తుంటారు?”

“నేనా? సైన్సు మాస్టార్ని. ఏడో తరగతి.”

“వెనక అద్దం మీద ‘గాలి మనందరిదీ’ అని రాసి ఉంది. అది మీ చేతి రాతేనా?”

“అవునండీ. పర్యావరణ వారానికి పిల్లల చేత… అంటే నేనే రాశాను.”

“బాగుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. గ్లవ్ బాక్సు తెరవండి.”

“అది సరిగ్గా తెరుచుకోదు మేడమ్.”

“తెరుచుకుంది. ఈ గుండీ ఏంటి మాస్టారూ?”

“అది… ఏసీదండీ.”

“దీని పక్కన కూడా గుండ్రటి అక్షరాలున్నాయి. ‘సామాన్యం, మధ్యమం, విజృంభణం.’”

“ఎండాకాలం… బాగా ఉక్కగా ఉంటే…”

“విజృంభిస్తుందా, ఏసీ?”

“మా బావకి చెమట ఎక్కువ మేడమ్.”

“మిమ్మల్ని అడగలేదు. గొట్టం పెడుతున్నాను. మాస్టారూ, ఇంజిన్ అలాగే ఉంచండి. ఆ… ఇప్పుడు కాస్త తొక్కండి. ఇంకొంచెం. అదేంటి, తుమ్మింది?”

“నేనే మేడమ్. జలుబు.”

“బానెట్లోంచి తుమ్మారా?”

“గట్టి జలుబు మేడమ్.”

“సరే, ఆపండి. ఇక్కడే కూర్చోండి. నేను కిందికి దిగి చూసొస్తాను.”

“బావా. బావా! చూశావా మీటరు? ఎంత తక్కువ చూపించిందో! కొత్త బండికి కూడా అంత తక్కువ రాదు. అల్లుడా, నీ కడుపు చల్లగా!”

“మెల్లగా. కింద ఆవిడ ఉంది. ఎంతసేపు చూస్తుంది?”

“చూడనీ. డబ్బా ఉంది, బోల్టులున్నాయి, అన్నీ ఉన్నాయి. రాత్రంతా పడుకోకుండా… పాసైపోయాం బావా. ఇంటికి వెళ్లగానే అల్లుణ్ణి విప్పేసి డాక్టరుగారికి ఇచ్చేస్తా. ఆదివారానికి నీ బండి మళ్లీ నీ బండి.”

“ఆవిడ ఏదో రాసుకుంటోంది రా.”

“పాసని రాస్తోంది.”

“అంత పొడుగ్గానా?”

“మాస్టారూ, ఒకసారి మీరు కూడా కిందికి దిగండి. మీ బావమరిదిగారు కూడా.”

“ఇద్దరమా మేడమ్?”

“ఇద్దరూ. మెట్లు జిడ్డుగా ఉన్నాయి, చూసుకుని దిగండి. ఇదిగో, ఈ డబ్బా ఏంటో చెప్పండి.”

“కన్వర్టరండీ. పొగ వడపోస్తుంది.”

“దీని మీద పసుపు రంగు చుక్కలు ఎన్నున్నాయి?”

“రెండండీ.”

“అవి నేనే పెట్టాను.”

“మీరు… ఎప్పుడండీ?”

“ఒకటి సోమవారం. అప్పుడిది ఎర్ర కారు కింద ఉంది. ఇంకోటి నిన్న. అప్పుడు తెల్ల కారు కింద ఉంది. ఇవాళ మీ కారు కింద ఉంది. ఇది కార్లు మారుతోందా, కార్లే రంగులు మారుతున్నాయా?”

“మేడమ్, ఒకే కంపెనీవి కదా, అన్నీ ఒకేలా ఉంటాయి…”

“చుక్కలు కూడా కంపెనీవాళ్లే పెట్టారా?”

“ఒరేయ్, నువ్వు ఊరుకో. ఇంక అబద్ధాలొద్దు. మేడమ్, అయిదుగురం ఉన్నాం. ఈ డబ్బా ఒక్కటే ఉంది. వంతులేసుకున్నాం. తప్పే. నేను చేసిందే పెద్ద తప్పు, పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి.”

“బావా, ఎందుకు చెప్తావ్!”

“చెప్పనీ రా. ఇరవై రెండేళ్లుగా ఒకే తరగతికి ఒకే పాఠం చెప్తున్నాను మేడమ్. ‘గాలి, దాని ఉపయోగాలు.’ నేను నోరు తెరవకముందే పిల్లలు నా వాక్యం పూర్తి చేస్తారు. ఆదివారం పొద్దున్నే ఊరి బయట రోడ్డెక్కి, మూడో గేరులో దీన్ని తొక్కితే వీపు వెళ్లి సీటుకి అతుక్కుంటుంది. నాలుగు నిమిషాలంతే. ఆ నాలుగు నిమిషాలూ నా వాక్యం ఎవరూ పూర్తి చెయ్యలేరు. ఇది తూకానికి పోతే నాకు చాలా బాధగా ఉంటుంది. ఏడుస్తానేమో కూడా.”

“ఆ నాలుగు నిమిషాల పొగ మీ పిల్లలే పీలుస్తారు మాస్టారూ.”

“తెలుసండీ. అదే పాఠంలో ఉంది.”

“సరే. మీటరు ప్రకారం మీ బండి పాసు. ఈ క్షణాన డబ్బా ఉంది, పని చేస్తోంది. వంతులేసుకోకూడదని రూలు లేదు, ఇలాంటి బుర్రలుంటాయని రూలు రాసినవాళ్లకి తట్టలేదు. కానీ అనుమానం వచ్చిన చోట సీలు వెయ్యమని మాత్రం రూలుంది.”

“సీలంటే?”

“ఇదిగో, ఉక్కు తీగ. డబ్బాకీ కారుకీ కలిపి బిగించి నంబరు కొడతాను. మూడు నెలలకోసారి తెచ్చి చూపించాలి. తీగ తెగితే కారు నంబరు రద్దు.”

“అంటే అల్లుడు… డబ్బా ఇంక ఇక్కడే ఉండిపోతుందా?”

“ఉండిపోతుంది. వద్దంటే చెప్పండి, సీలుకి ఒప్పుకోలేదని రాసి ఫెయిల్ చేస్తాను. డబ్బా మీరు తీసుకుపోవచ్చు. కారు మాత్రం ఇటు నుంచి ఇటే తూకానికి. ఏదో ఒకటి మీరే చెప్పండి.”

“బావా, తొందరపడకు. రేపు డాక్టరుగారు. ఎల్లుండి పులి. అయిదుగురం కలిసి ప్రమాణం చేసుకున్నాం. ‘ఒకరి బండి ఆగితే అందరి బండ్లూ ఆగినట్టే’ అని నువ్వే లేచి నిలబడి అన్నావు. దర్జీగారు కళ్లు కూడా తుడుచుకున్నారు. వాళ్లకి నేనేం ముఖం చూపించను? బావా, కాస్త ఆలోచించి…”

“సీలు వేసేయండి మేడమ్.”

“బావా!”

“రెండు తీగలు వేస్తే ఇంకా మంచిదేమో చూడండి.”

“ఒకటి చాలు. కాస్త టార్చి పట్టుకోండి, మెకానిక్కుగారూ. ఇటు. ఇంకాస్త దగ్గరగా.”

“ఇల్లరికం తెచ్చేసుకున్నావు బావా. అయిదుగురి అల్లుణ్ణి నువ్వొక్కడివే ఇల్లరికం తెచ్చేసుకున్నావు.”

“ఏం చెయ్యను రా? మీ అక్క నవ్వు నీకు తెలీదా?”

“డబ్బా ఉంటే ఆ స్పీడు రాదు. వీపు సీటుకి అతుక్కోదు.”

“రాకపోతే మానె. స్టీరింగన్నా నాది. మెల్లగా వెళ్తాను. నాలుగు నిమిషాల రోడ్డు ఆరు నిమిషాలు వస్తుంది.”

“పాపం, డాక్టరుగారు రేపు ఏం చేస్తారు?”

“నడుస్తారు మెకానిక్కుగారూ. రోజూ నడవమని రోగులకి చెప్పేది ఆయనేగా.”

“మేడమ్, డాక్టరని నేనన్నాను సరే. ఆయన నడవమని చెప్తాడని మీకెలా తెలుసు?”

“ఆయన కారు నీలం రంగుది కదా. ఎడమ తలుపు మీద సొట్ట.”

“అది కూడా… మేడమ్, మా వంతుల కాగితం మీరు చూశారా?”

“గీతలు కొట్టి, ఎర్ర సిరాతో ‘అల్లుడి ప్రయాణం’ అని పైన రాసిందేనా?”

“బావా, మనలో ఎవరో చెప్పేశారు. ఎవరో ద్రోహి ఉన్నాడు!”

“ద్రోహి అంటే రెండు తీగలడిగిన నాకే తగులుతుంది లే. మేడమ్, ఎవరు చెప్పారో అడగను. ఇదిగో, కాగితం మీద సంతకం పెట్టాను. పాసేగా?”

“పాసే. ఇదిగోండి మీ సర్టిఫికెట్టు. ఆ మేజోడు కూడా పట్టుకెళ్లండి, సగం కాలిపోయింది.”

“థ్యాంక్స్ మేడమ్. ఒక్కమాట. మంచివారు కాబట్టి చెప్తున్నాను. శుక్రవారం పచ్చ కారులో ఒకాయన వస్తాడు. మేమందరం పులి అంటాం. డబ్బా లేదని తెలిస్తే ఊరుకునే రకం కాదు. ఈ ఆఫీసులో ఆయన మనిషి ఉన్నారట, ఆయన మాట జవదాటరట. ఆ మనిషి మీకేమైనా ఇబ్బంది తెస్తారేమోనని…”

“తేరులెండి.”

“మీకు తెలీదు మేడమ్. ఆయన కనుసైగ చేస్తే చాలంటాడు.”

“ఏడేళ్ల నుంచి ఆ పచ్చ కారు మా ఇంటి షెడ్డంతా ఆక్రమించుకుని, పొద్దున్నే ఇల్లంతా పొగ నింపుతోంది మాస్టారూ. ఉతకడానికి తీస్తే మీ వంతుల కాగితం ఆయన చొక్కా జేబులోనే దొరికింది. ఇవాళ కూడా మీ పులికి భోజనం డబ్బా సర్ది ఇచ్చాకే డ్యూటీకి వచ్చాను. తర్వాతి బండి రానివ్వండి!”