లేవని మణికట్టు

బందరులో ఎముకల డాక్టరు గది బయట, బెంచీ మీద పెదన అద్దకపు పనివాళ్ళు ఇద్దరు. అత్త ప్రభావతి, కోడలు హేమ. హేమ కుడి మణికట్టు వాలిపోకుండా పట్టీ వేసి ఉంది.

“ఇవాళ చెప్పేస్తాను హేమా.”

“ఏం చెప్తారత్తయ్యా?”

“విరిగిన చెయ్యి నేనే లాగి సరిచేశానని. గుడ్డుసొన, మినప్పిండి పూసి కట్టు కట్టానని.”

“ఇప్పుడెందుకండీ అవన్నీ? జబ్బ ఎముక అతుక్కుందిగా.”

“ఎముక అతుక్కుంది. మణికట్టు లేచిందా? మొన్న బల్ల దగ్గర అచ్చు పట్టుకున్నావు. వత్తావు. ఎత్తబోయేసరికి చెయ్యి వాలిపోయి రంగంతా అలుక్కుపోయింది.”

“ఆ దుప్పటి ఎలాగూ రెండో రకమేలెండి.”

“నవ్వించకు.”

“నరం నలిగిందన్నారు, దానంతటదే కోలుకుంటుందన్నారు. కొంచెం జిలజిలమంటోంది కూడా.”

“పడగానే చచ్చుబడిందని చెప్పావు గనక అలా అన్నారు. నన్ను కాపాడ్డానికేగా అలా చెప్పావు?”

“అదేం కాదు.”

“పోయినసారి డాక్టరుగారు ఆ తోట్లవల్లూరు పెద్దాయనతో ఏమన్నారో విన్నావా? లాగి కట్టు కట్టాక చచ్చుబడిందంటే నరం ఎముకల మధ్య ఇరుక్కుందేమో, కోసి చూడాలి అన్నారు. అప్పట్నుంచీ నాకు కన్ను మూతపడితే ఒట్టు.”

“ఆయన సంగతి వేరు.”

“ఏం వేరు? కట్టు విప్పగానే నువ్వే అన్నావు, ‘మీరు లాగేదాకా బానే ఉంది, మీరే పాడు చేశారు’ అని.”

“అన్నాన్లెండి.”

“కాలవలో బట్టలు జాడిస్తూ జారిపడ్డ పిల్లని నేరుగా ఇక్కడికి తీసుకురావద్దూ? మా అమ్మ కట్టేది, నాకూ వచ్చనుకున్నాను. మా మేకకి కూడా కట్టాను.”

“మేక నడిచిందా?”

“నడిచింది.”

“మరింకేం.”

“నీకు నవ్వులాటగా ఉందా?”

“మీ అబ్బాయికి తెలిస్తే ఊరుకుంటారా అత్తయ్యా? అది ఆలోచించండి.”

“తెలియనీ. నాతో మాట్లాడకపోతే మానెయ్యనీ. నీ చెయ్యి కంటేనా?”

తలుపు దగ్గర నర్సు పిలిచింది: “హేమ, పెదన. తర్వాత మీరే. ఎక్స్‌రేలు తీసి పట్టుకోండమ్మా.”

“పద.”

“కూర్చోండత్తయ్యా. మీరు చెప్పారంటే చెయ్యి కోస్తారు.”

“కొయ్యనీ. ఇరుక్కుని ఉంటే తీస్తారు.”

“ఇరుక్కోలేదండీ.”

“నీకెలా తెలుసు? నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదు. మీరు మాత్రం లోపల నోరెత్తకండి. దణ్ణం పెడతాను.”

“ఒంటి చేత్తోనా?”

“అత్తయ్యా…”

“ఇన్ని నెలలుగా నీకు అన్నం కలిపి పెడుతున్నాను. పాడు చేసిందీ ఈ చేతులే, పెడుతున్నదీ ఈ చేతులే. ముద్ద ఎత్తినప్పుడల్లా ముందు నీ మణికట్టు వంకే చూస్తున్నాను. చూళ్ళేదా?”

“చూశాను. రోజూ చూస్తున్నాను.”

“చూస్తూ కూడా ఆపుతావేం?”

“చెయ్యి విరగకముందు మీరు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.”

“ఇప్పుడా ఆ గొడవ?”

“ఇప్పుడే. మీరు లోపలికెళ్ళి చెప్పేలోపే చెప్పాలి.”

“ఏంటే అది? ఎందుకేడుస్తున్నావు?”

“కాలవగట్టు మీద, నాతో బట్టలు జాడిస్తున్న సాయిదుర్గక్క నన్ను లేపేటప్పటికే మణికట్టు వేలాడిపోయింది. మీరప్పటికింకా రానేలేదు. కట్టు విప్పిన రోజు కోపంలో మీ మీదకి తోసేశాను.”

“మరి తర్వాతన్నా…”

“తర్వాత మీరు ముద్దలు కలిపి పెడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. సాయిదుర్గక్క చెప్పేస్తానంటే కాళ్ళు పట్టుకుని ఆపాను.”