నలభయ్యో నాటి మలీదా

అట్ల చూడొద్దు రహమతూ. ఫోటోలో గూడా ఆ చూపేనా? గోడకు తగిలించలేదనే గదా కోపం? ఫోటో ఉన్న చోటికి ఫరిష్తాలు, దేవదూతలు, రారంటాడు నా గదిలో ఉండే తారిఖ్. అందుకే నిన్ను పెట్టె మూత లోపల అతికించినా. జుమ్మా అయి, తిండి తిని, ఇప్పుడందరూ రోలా పార్కుకు పోయినారు. అందుకే తెరిచినా.

ఈ పొద్దుకు నువ్వు పోయి నలభై దినాలు.

తారిఖ్ మంచోడే, కాదనను. నీకు మన్ను పొయ్యడానికి గూడా ఈ గల్ఫులో నా కఫీల్, పనిచ్చిన యజమాని, నన్ను ఊరికి పంపలేదు గదా, ఆ పొద్దు నాకు అన్నం కలిపి తినిపించింది ఆ హైదరాబాదు పిల్లోడే. అయితే దీన్, మతం మాటొస్తే మాత్రం రాయి. పోయినేడు చచ్చిపోయిన మా అమ్మ పేర దువా చదివి ఫాతెహా ఇచ్చినా చూడు, ఊదుబత్తీ పెట్టి, మలీదా చేసి. వాడు చెయ్యి పెట్టలా. "చాచా, గిది బిద్దత్, దీన్ల లేని కొత్త పోకడ. చచ్చినోళ్ల పేర ఒండింది మనం తినొద్దు" అన్నాడు.

సరే, సామ్యేలు తింటాడులే అనుకుంటి. మా గదిలో ఇంకొకడు, భీమవరం క్రైస్తవుడు, మన తగువుతో వానికేం పని? వాడూ గిన్నె జరిపినాడు. అర్పించినవి తినకూడదని వాళ్ల పాస్టరు చెప్పినాడంట. ఏ మాటా కలవని ఇద్దరూ ఆ ఒక్కదాంట్లో కలిసినారు. మూడు దినాలు నేనొక్కణ్ణే తిన్నా.

మన జమ్మలమడుగులో మలీదా ఎప్పుడన్నా మిగిలిందా? నువ్వు రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలుపుతాంటే పక్కింటి కామాక్షమ్మ గిన్నె పట్టుకోని ముందే వచ్చి కూర్చునేది.

ఇక్కడ ఈ ఏడు ఇంకా బిగిసింది. డెన్మార్కు పేపరోళ్లు మన ప్రవక్తను బొమ్మలేసిన గొడవ తెలుసు గదా, నువ్వున్నప్పుడే మొదలాయె. మా ఫ్రిజ్జులో ఆ దేశం వెన్న డబ్బా ఉంటే నేనే పారేసినా. నాకు మాత్రం నొప్పి కాదా? అయితే అప్పట్నుంచి ఎవరు నికార్సయిన ముసల్మానో, ఎవరు కాదో కొలిచేదే పని. నాకు భయమేసింది. ఈ వయసులో గది ఖాళీ చెయ్యమంటే యాడికి పోదు? వీళ్లు గాక నాకెవరుండారు?

కానీ నలభయ్యో నాటి తిండి నలుగురు తినాల. తినకపోతే నీకు చేరదని మీ అమ్మ చెప్పేది.

అందుకే వంటింట్లో, స్టవ్ ముందర నిలబడి, ఊదు లేకుండా, పెదాలు కదపకుండా నీ పేర ఫాతెహా చదివి, గిన్నె తీసుకుపోయి మధ్యలో పెట్టినా. ఏంది విశేషమని అడిగినారు. ఏమీ లేదు, తీపి తినాలనిపించింది అన్నా.

తిన్నారు రహమతూ. ఇద్దరూ వేళ్లు నాకినారు. గిన్నె ఖలాస్. తెలిస్తే ముట్టుకునేవాళ్లు కాదు. వాళ్లకు కూడనిది మోసం చేసి పెట్టినా. ఆ పాపం నాదే, నీకంటదులే.

నేను చెప్పాల్సింది అది కాదు. చివర్న తారిఖ్ అడిగినాడు, "చాచా, ఇంత మంచిగ ఎవరు నేర్పిన్రు?"

నీ పేరు నోటిదాకా వచ్చింది.

"ఓటల్లో నేర్చుకున్నా" అన్నా.

ఓటల్లో! ముప్పై ఏండ్ల కాపురం చేసి, నీ నలభయ్యో దినాన.

వచ్చే శుక్రవారం మళ్లీ చెయ్యమంటాండాడు. చేస్తాలే, ఏం జేతు. ఈసారి ఫాతెహా ఉండదు గదా, ఉత్త తీపే. అబద్ధం గూడా కాదు.